బరువున్న దెబ్బ

వాన ఇప్పుడే వెలిసింది. మీరు దామరచర్లలో, నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డుకు కాస్త లోపలగా, వినాయకుడి మండపం ముందు ఖాళీ బియ్యం సంచి పరుచుకుని కూర్చున్నారు. భజన అయిపోయింది, పులిహోర అయిపోయింది. ఎదురుగా రెండు వెదురు బొంగుల మధ్య తెల్లటి దుప్పటి బిగించారు. అది తడిసి ఒక మూల జారింది. ప్రొజెక్టర్ తెచ్చిన పోరడు ఒక చేత్తో గొడుగు పట్టుకుని రెండో చేత్తో వైర్లు సర్దుతున్నాడు. దూరంగా వీర్లపాలెం వైపు యాదాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాల మీద ఎర్రదీపాలు. ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. అంత కరెంటు పక్కనే పెట్టుకుని కూడా మండపం కమిటీ వాళ్లు జనరేటర్ అద్దెకు తెచ్చుకున్నారు. పల్లె మనిషి జాగ్రత్త అది.

ఈ రాత్రి ఫైట్ సినిమాలే అని కమిటీ తీర్మానం. తండాల నుంచి బండ్ల మీద కుర్రాళ్లు వచ్చారు. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు నలుగురైదుగురు, పని దిగి స్నానం చేసి, భుజం మీద తువ్వాలుతో మీ వెనకాలే కూర్చున్నారు. పక్కన ఆడపిల్లల గుంపు. అందులో ఒకమ్మాయి బడిలో కరాటే నేర్చుకుంటోందని వాళ్ల మాటలను బట్టి మీకు తెలిసిపోయింది.

మొదట బ్రూస్ లీ. 1973లో వచ్చిన ‘ఎంటర్ ది డ్రాగన్’. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఎవరికీ అక్కర్లేదు. పోరడు కథంతా దాటించి నేరుగా పోటీ దగ్గర ఆపాడు. పచ్చిక మైదానం. చుట్టూ తెల్లబట్టల వాళ్లు వరసగా కూర్చున్నారు. లీ ఎదురుగా ఓహారా, గడ్డం మనిషి, ముఖం మీద గాటు. ఆ వేషం వేసిన బాబ్ వాల్ నిజంగానే కరాటే విజేత. ఇద్దరూ ఒక్కో చేయి ముందుకు చాచి మణికట్లు ఆనించి నిలబడ్డారు. కదలరు.

ఒకటి. రెండు. మూడు క్షణాలు. జనరేటర్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“కొట్టడేందిరా, అట్లనే నిలబడ్డడు?” వెనక నుంచి ఒక పెద్దాయన.

“ఆగు తాతా, కొడ్తడు.”

కొట్టాడు. మీరు చూడలేదు. ఓహారా నేల మీద ఉండటం మాత్రమే చూశారు. ఆ చేయి ఎప్పుడు బయల్దేరిందో, ఎప్పుడు వెనక్కి వచ్చిందో మీ కంటికి అందలేదు. పిల్లలు ఒక్కసారి ఈల వేశారు. వాళ్లిద్దరూ మళ్లీ లేచి మళ్లీ మణికట్లు ఆనించారు. ఇప్పుడు మీరు రెప్ప వేయరు. ఏం జరగబోతుందో తెలుసు, ఎప్పుడు జరుగుతుందో తెలియదు. మీ మెడ కొంచెం ముందుకు వచ్చింది, పక్కవాడిదీ వచ్చింది. సగం ఫైట్ మాస్టర్లకు అర్థం కాని సంగతి ఇదే: మనల్ని పట్టేది దెబ్బకు ముందున్న ఆ ఖాళీ. దెబ్బ వచ్చి దాన్ని తెంపుతుందంతే. ఖాళీ లేకుండా నలభై దెబ్బలు వరసగా కొడితే నలభైకి కలిపి ఒక్కసారి చప్పట్ల విలువ.

మన ‘శివ’ గుర్తు చేసుకోండి, 1989. సైకిల్ చైను అందరికీ గుర్తుంది. దానితో ఎంతమందిని, ఎక్కడెక్కడ కొట్టాడో చెప్పమంటే చాలామంది తడుముకుంటారు. మనసులో మిగిలింది నాగార్జున ఆ చైను లాగడం. అంతకుముందు దాకా మన ఫైట్లలో “డిష్యుం” తప్ప వేరే శబ్దం లేదు. ఆ ఇనుప చప్పుడు వినగానే హాల్లో వెన్ను నిటారైంది.

దుప్పటి మీద ఓహారా ఓడిపోయాడు. ఓటమి ఒప్పుకోలేక రెండు సీసాలు పగలగొట్టి మీదికి వచ్చాడు. లీ అతన్ని పడగొట్టి, గాల్లోకి లేచి, గుండె మీదికి దిగాడు. అక్కడ కెమెరా పని గమనించారా? కింద నలుగుతున్న మనిషిని చూపించలేదు. లీ ముఖం చూపించింది, నెమ్మదిగా. కళ్లు చెమర్చి, పెదాలు వణికి, కోపమో దుఃఖమో తేల్చుకోలేని ముఖం. కథలో అతని చెల్లెలి చావుకు కారణం ఈ ఓహారాయే. పోరడు కథ దాటించాడు కాబట్టి ఇక్కడ చాలామందికి ఆ సంగతి తెలియదు. అయినా గుంపులో ఈల ఆగిపోయింది. చెల్లెలి సంగతి తెలియకుండానే ఏదో బాకీ తీరిందని అందరికీ అర్థమైంది.

తర్వాత గుహలో కాపలావాళ్లతో పోరాటం. వచ్చినవాడిని వచ్చినట్టు పడేస్తున్నాడు. వెనక నుంచి ఒక సన్నటి కుర్రాడు పట్టుకోబోయాడు. లీ అతని జుట్టు దొరకబుచ్చుకుని మెడ విరిచేశాడు. రెండు మూడు సెకన్ల వేషం.

“ఆపు, ఆపు,” అంటాడు ల్యాప్‌టాప్ పోరడు తనకు తానే, వెనక్కి తిప్పుతూ. “గీ పడ్డోడెవడో తెల్సా? జాకీ చాన్!”

నిజమే. అప్పటికి జాకీ చాన్ పేరు లేని ఫైటరు. అంతకుముందు ఏడాది ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’లోనూ లీ చేతిలో పడినవాడే. ఇదే సినిమా మొదట్లో లీతో తలపడి ఓడిన లావాటి మనిషి సామో హంగ్. ఆ ఇద్దరూ చిన్నప్పుడు హాంకాంగ్‌లో యూ జిమ్‌యూన్ అనే గురువు దగ్గర పెకింగ్ ఓపెరా నేర్చుకున్నవాళ్లు. పల్టీలు, కర్రలు, కత్తులు, అన్నీ తాళానికే. అందుకే హాంకాంగ్ ఫైటులో దెబ్బలు దరువు మీద పడతాయి: మూడు త్వరగా, ఒకటి ఆగి, రెండు త్వరగా. ఇందాక తొందరపడిన పెద్దాయన ఒకప్పుడు చిరుతల రామాయణంలో వేషం కట్టినవాడట. ఇప్పుడు చూడండి, తెలియకుండానే తొడ మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. చైనా భాష రాదు, తాళం వచ్చు.

రెండో బొమ్మ పడింది. ఏ దేశానిదో, ఏ సినిమాదో చెప్పను, ఇలాంటివి వందలున్నాయి. హీరో ఒక కాలు నేలకు తాటించి ఇరవై అడుగులు లేచాడు. గాల్లోనే తిరిగాడు, గాల్లోనే నలుగురిని తన్నాడు, గాల్లోనే జుట్టు సర్దుకున్నాడు. తన్నులు తిన్న నలుగురూ గోడలు బద్దలు కొట్టుకుంటూ వెళ్లారు. కుర్రాళ్లు నవ్వుతున్నారు. మీ వెనక హమాలీలు మాత్రం నవ్వడం లేదు, బీడీలు వెలిగించుకుంటున్నారు.

“నచ్చలేదా మామా?” మీరు అడిగారు.

“గీనికి బరువు లేదు తమ్మీ,” అన్నాడాయన. “లేస్తుండు గని దిగుతలేడు.”

ఇంతకంటే మంచి సమీక్ష నేను ఏ పత్రికలోనూ చదవలేదు. యాభై కిలోల బస్తా రోజంతా వీపు మీద మోసేవాడికి బరువు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలుసు. మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకు, అక్కడి నుంచి భుజానికి. తెర మీద మనిషి తన్నినప్పుడు ఆయన కళ్లు తన్నిన కాలును చూడవు, నేల మీద మిగిలిన కాలును చూస్తాయి. అది నేలను తొక్కిందా, బొటనవేలు మెలి తిరిగిందా, మడమ లేచిందా? అవేమీ లేకుండా పైకాలు ఎంత ఎత్తుకు పోయినా ఆయన నమ్మడు. పక్కన కరాటే అమ్మాయి కూడా అదే మాట వేరే తీరులో అంది: “కాలుతోటి కాదు మామా, నడుముతోటి కొట్టాలె. నడుము తిరగకపోతే అది ఉత్త ఊపుడే.”

తాడు కట్టి ఎగరేయడమే తప్పని కాదు. ఆంగ్ లీ తీసిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ (2000)లో ఇద్దరు వెదురు చెట్ల కొసల మీద కత్తులతో తలపడతారు. ఫైట్లు యూన్ వూపింగ్‌వి. అంతకు ముందు ఏడాది ‘మేట్రిక్స్’లో హాలీవుడ్ హీరోలను ఎగరేసినవాడు కూడా ఆయనే. ఆ వెదురు సీను మామూలు మనిషికి సాధ్యం కాదని మనకు తెలుసు. అయినా నమ్ముతాం, ఎందుకంటే మనిషి నిలబడగానే వెదురు వంగుతుంది. ఎంత వంగిందో అంత బరువు. హమాలీ మామకు చూపిస్తే ఒప్పుకుంటాడనే నా నమ్మకం.

పోరడు బొమ్మ మార్చాడు. ‘పోలీస్ స్టోరీ’, 1985. ఇందాక మెడ విరిగిన సన్నటి కుర్రాడే ఇప్పుడు హీరో, దర్శకుడు కూడా. షాపింగ్ మాల్‌లో ఫైటు. అద్దాల అల్మరాలు ఒకదాని తర్వాత ఒకటి పగులుతున్నాయి. షూటింగులో ఎంత అద్దం పగిలిందంటే, సినిమాలో పనిచేసినవాళ్లు దాన్ని ‘గ్లాస్ స్టోరీ’ అని పిలుచుకున్నారు. ఇక్కడ మీరు జాకీ చాన్‌ను చూడకండి. అతను తన్నిన మనిషిని చూడండి. వాడు తిరిగి, వీపుతో అద్దాన్ని పగలగొట్టి, కింద కొట్టుకుని, ఒక్క క్షణం ఊపిరి అందక నోరు తెరిచాడు. మీ నోరు కూడా తెరుచుకుంది.

పిడికిలి ముఖానికి తగలదు. జానెడు దూరంలో పోతుంది. ఆ జానెడు కనపడకుండా కెమెరాను ఒకరి వీపు వెనక పెడతారు. ఇక మిగిలిన పనంతా దెబ్బ ‘తిన్న’వాడిది. సరిగ్గా ఆ క్షణానికి మెడ తిప్పాలి. ముందు తిప్పితే నవ్వొస్తుంది, ఆలస్యమైతే మోసం తెలుస్తుంది. మన సెట్ల మీద దీన్నే టైమింగ్ అంటారు, రియాక్షన్ అంటారు. హాంకాంగ్ వాళ్లు ఫైటర్ల చొక్కాలకు పొడి రాస్తారు, తగలగానే దుమ్ము లేవడానికి. దుమ్ము లేస్తే దెబ్బకు రూపం వస్తుంది. ఎడిటింగులో మరో కిటుకుంది. తన్ను తగిలేదాకా ఒక షాటు వాడి, తర్వాతి షాటును రెండు మూడు ఫ్రేములు వెనక నుంచి మొదలుపెడతారు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి దెబ్బ రెండుసార్లు పడిందని కన్ను పోల్చుకోలేదు. గట్టిగా పడిందని మాత్రం ఒళ్లు పోల్చుకుంటుంది.

ఇప్పుడు చివరి దూకుడు. పై అంతస్తు రెయిలింగ్ ఎక్కి, నిలువునా దీపాల తీగలు చుట్టిన స్తంభాన్ని పట్టుకుని కిందికి జారిపోయాడు. బల్బులు టపటపా పేలాయి. అదే దూకుడును మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించారు. ఆయన చేతులు నిజంగానే కాలాయి. తర్వాత ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ షూటింగులో, యుగోస్లావియాలో, చెట్టు కొమ్మ విరిగి పడి పుర్రె పగిలింది. ఇలాంటి దెబ్బలన్నీ సినిమా చివర పేర్లు వచ్చేటప్పుడు చూపించడం ఆయనకు అలవాటు. ప్రేక్షకుడు పేర్ల దాకా కూర్చునేది అందుకే. తమ నొప్పికి లెక్క చెప్పే సినిమా అది.

“మనోడు చెయ్యలేదా గిట్ల?” అన్నాడొక తండా కుర్రాడు పౌరుషంగా. “తమ్ముడుల పవన్ కళ్యాణ్ చేతి మీదికెల్లి కారు పోనిచ్చుకున్నడు!”

అవును, 1999. ఆ సినిమా చివర కిక్‌బాక్సింగ్ పోటీ ఉంది. అంతకంటే ఎక్కువ మందికి గుర్తున్నది శిక్షణ పాట: వేళ్ల మీదుగా పోయిన కారు టైరు. ఆ కాలపు పల్లెటూరి కుర్రాళ్లు చాలామంది ఆ ఏడాది పెంకులు పగలగొట్టి చేతులు వాచి ఇంట్లో తిట్లు తిన్నారు. వాళ్లలో కొందరు కరాటే క్లాసుల్లో చేరారు. తెర మీద నిజమైన కష్టం ఒక్క చోట కనిపించినా చాలు, మిగిలిన కల్పనకంతా అది జామీను నిలుస్తుంది.

రాత్రి పదకొండు దాటింది. కమిటీ పెద్దమనిషి ఒకాయన లేచి, మనోళ్ల సినిమా వేయమన్నాడు. “భద్రాచలం పెట్టురా. శంకర్‌ది.”

దర్శకుడు ఎన్. శంకర్ ఉమ్మడి నల్లగొండ జిల్లావాడు. ఈ సినిమాలో ఊరంతా పాడుకున్న పాట రాసిన సుద్దాల అశోక్ తేజ కూడా ఈ జిల్లా మనిషే. 2001లో వచ్చింది. ఒక పల్లెటూరివాడు టైక్వాండో బరిలోకి దిగే కథ. అంతకు ముందు ఏడాదే, 2000లో, సిడ్నీ ఒలింపిక్స్‌లో టైక్వాండోకు మొదటిసారి పతకాలు ఇచ్చారు. మన ఊళ్లలో అప్పటికి ఆ పేరు పలకడం రాదు. కొరియా ఆటను తెలుగు మాస్ సినిమాకు వెన్నుపూసగా పెట్టడం సాహసమే.

బరిలో ఇద్దరూ ఛాతీకి కవచాలు కట్టుకున్నారు. అసలు టైక్వాండోలో పిడికిలితో ముఖం మీద కొట్టకూడదు, తలకు కాలే తగలాలి. నిజమైన పోటీలో ఆ తన్ను తగిలిందో లేదో పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియనంత త్వరగా అయిపోతుంది, పాయింటు బోర్డు చూసి తెలుసుకోవాలి. సినిమా అలా తీస్తే ఎవరూ చూడరు. కాబట్టి నిడివి పెంచాలి: పడాలి, లేవాలి, కళ్లు మసకబారాలి, ఊరు గుర్తుకు రావాలి, పాట రావాలి. ఆట ప్రకారం ఇదంతా అబద్ధం. ఇక్కడ కూర్చున్నవాళ్లకు ఇందులో అబద్ధమేమీ కనపడలేదు. ఆడపిల్లల గుంపు సంచుల మీద నుంచి లేచి నిలబడింది. వెనకవాళ్లు కూర్చోమని అరవడం లేదు, వాళ్లూ నిలబడ్డారు.

ఈ సినిమా హీరో శ్రీహరిని చూస్తుంటే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఆయన హీరో కాకముందు జిమ్నాస్టు, తర్వాత సినిమాల్లో ఫైటరు, ఆ తర్వాత విలన్. ఏళ్ల తరబడి ఇతర హీరోల చేతుల్లో దెబ్బలు తిని, గాల్లో తిరిగి, కుండల మీద, బండ్ల మీద పడినవాడు. హీరోగా నిలబడింది 1999లో ‘పోలీస్’తో. అందుకే దెబ్బ తగిలినప్పుడు ఆయన ముఖం ముందుగా నటించదు. ముందు భుజం లోపలికి పోతుంది, తర్వాత మెడ, ఆ తర్వాతే ముఖం. పడటం తెలిసిన దేహం అది. లేచేటప్పుడు మోకాలి మీద చేయి వేసి లేస్తాడు, బరువున్న మనిషి లేచినట్టే. మీ వెనక హమాలీ మామ బీడీ పారేసి ముందుకు జరిగాడు.

“లే… లే…” అంటున్నాడు నోట్లోనే. కొట్టు అనడం లేదు.

పడ్డవాడు లేవడం కోసం ఇంతమంది ఊపిరి బిగబట్టారు. ఈ ఒక్క సంగతి తెలిసిన దర్శకుడికి ఫైటు తీయడం సగం వచ్చినట్టే. తెలియకపోతే ప్రపంచ విజేతను తెచ్చి నిలబెట్టినా లాభం లేదు. 2022లో ‘లైగర్’ అదే చేసింది: మైక్ టైసన్ అంతటివాడిని తెచ్చింది. బాక్సింగ్ చరిత్రలో అంత భయం పుట్టించిన మనిషి మరొకడు కష్టం. ఆయన ఎదురుగా హీరో నిలబడితే మనకు చెమట పట్టాలి. పట్టలేదు. ఎవరు ఎందుకు కొట్టుకుంటున్నారో, ఓడితే ఏం పోతుందో సినిమాకే పట్టలేదు కాబట్టి. అదే ఏడాది ‘ఆర్.ఆర్.ఆర్.’ మొదట్లో రామ్ చరణ్ వేల మంది గుంపులోకి ఒక్కడే దూకుతాడు. ఎందుకు దూకాడో ప్రతి క్షణం మనకు తెలుసు: రాయి విసిరిన ఆ ఒక్కడిని పట్టుకుని వెనక్కి రావాలి. ఎటు పోవాలో తెలుసు, ఎంత దూరం మిగిలిందో తెలుసు. మీద పడుతున్న మనుషుల బరువు తెలుసు. అది ఏ విద్యకూ చెందిన పోరాటం కాదు గానీ, హమాలీ మామ పరీక్షకు నిలుస్తుంది.

సినిమా అయిపోయింది. పిల్లలు అప్పుడే బురదలో కాళ్లు ఊపుతున్నారు. కరాటే అమ్మాయి ఒక పిల్లవాడి నడుము పట్టుకుని తిప్పి చూపిస్తోంది. పోరడు చేయి ల్యాప్‌టాప్ మీదికి పోయింది, పేర్లు వస్తుంటే ఆపేయడానికి. మనమంతా చేసే పనే అది.

కానీ దెబ్బ తిని పడినవాళ్లు ఉండేది ఆ పేర్లలోనే. ఫైట్ మాస్టర్లు రామ్–లక్ష్మణ్ కూడా ఉమ్మడి ప్రకాశం జిల్లా కారంచేడు నుంచి పోయి ఫైటర్లుగా మొదలైనవాళ్లే. మన జాతీయ అవార్డుల్లో ఫైట్లకు విడిగా బహుమతి 2016 సినిమాల నుంచే ఉంది. మొదటిది మలయాళం ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ తీసుకున్నాడు. తర్వాత ‘ఆర్.ఆర్.ఆర్.’కు కింగ్ సాలమన్‌కు వచ్చింది. ఆస్కార్ వాళ్లు ఇంకా ఆలస్యం. స్టంట్లకు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్లో ప్రకటించారు, 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి లెక్క. ఆ ప్రకటనతో పాటు వేసిన బొమ్మల్లో ‘ఆర్.ఆర్.ఆర్.’ ఒకటి. ఆ బహుమతులు మాస్టర్లకు వస్తాయి, పడినవాళ్లకు రావు. వాళ్ల పేర్లు దొరికే చోటు సినిమా చివర పరుగెత్తే ఆ చిన్న అక్షరాల్లోనే. కాబట్టి ఈసారి ఫైటు నచ్చితే, ఆ రెండు నిమిషాలు ఆపకుండా పోనివ్వండి.